పట్టించుకోని చిన్న ఊరి డిస్క్ గోల్ఫ్ కోర్సులో ఆడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న ఊళ్లలో చాలా డిస్క్ గోల్ఫ్ కోర్సులది ఒకటే కథ. ఎప్పుడో ఉత్సాహంగా కట్టారు. ఆ తర్వాత చూసేవాళ్లు కరువయ్యారు. గడ్డి మోకాలెత్తు పెరిగింది, దారి చూపే పలకలు ఊడిపోయాయి, బాస్కెట్లు తుప్పుపట్టాయి. అలాంటి చోట ఆడదామని బయల్దేరేవాళ్లు మళ్లీమళ్లీ అడిగే సందేహాలు ఇక్కడ ఒకచోట చేర్చాను. నియమాల మాట వచ్చినప్పుడల్లా అవి ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ, అధికారిక నియమాలని అర్థం చేసుకోండి. మిగతావి నా అభిప్రాయాలు.

## వెళ్లే ముందు

డిస్క్ గోల్ఫ్ అంటే అసలేమిటి? నాకు ఫ్రిస్బీ ఒక్కటే తెలుసు.

గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. ఇక్కడ చేత్తో డిస్కు విసిరి, గొలుసులు వేలాడే ఇనప బాస్కెట్‌లో పడేస్తారు. టీ దగ్గర, అంటే మొదటి త్రో వేసే చోట, మొదలుపెట్టి, డిస్కు ఆగిన చోటి నుంచి మళ్లీ విసురుతూ పోవాలి. తక్కువ త్రోలలో ముగించినవాళ్లు గెలిచినట్టు. ఒక టీ నుంచి దాని బాస్కెట్ దాకా ఒక హోల్, ఆ మధ్య ఉండే దారి ఫెయిర్‌వే. కోర్సులు ఎక్కువగా 9 హోల్స్‌వి లేదా 18 హోల్స్‌వి. ఫ్రిస్బీతో కూడా ఆడొచ్చు గానీ అది గాలికి తేలిపోతుంది. డిస్క్ గోల్ఫ్ డిస్కులు చిన్నగా, ఆ సైజుకు బరువుగా, గాలిని కోసుకుపోయే అంచుతో ఉంటాయి.

మంచి కోర్సు కొంచెం దూరంలో ఉంది. ఈ పాడుబడ్డ దాంట్లో ఆడటం దండగ కాదా?

స్కోరు కోసం, దూరం విసరడం కోసం అయితే మంచి కోర్సుకే వెళ్లండి. గురి కుదరాలంటే మాత్రం పెరిగిపోయిన కోర్సును మించింది లేదు. నున్నగా కోసిన మైదానంలో డిస్కు పది మీటర్లు పక్కకు పోయినా నడిచి వెళ్లి తీసుకుంటారు, తప్పు తెలియదు. ఇక్కడ అదే పది మీటర్లకు ముళ్లపొదలో చెయ్యి పెట్టాలి. రెండు రౌండ్లు అయ్యేసరికి మీ చెయ్యి దానంతట అదే జాగ్రత్త నేర్చుకుంటుంది. పైగా ఖాళీగా ఉంటుంది కాబట్టి వెనక ఎవరో నిలబడి చూస్తున్నారన్న బెరుకు ఉండదు. ఒకే చోటి నుంచి పదిసార్లు విసిరినా అడిగేవాళ్లు లేరు.

యాప్‌లో కోర్సు కనిపిస్తోంది. అక్కడ నిజంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

యూడిస్క్ లాంటి యాప్‌లలో కోర్సు పేరు ఉందంటే ఒకప్పుడు ఉండేదని మాత్రమే అర్థం. చూడాల్సింది తేదీలు. ఆఖరి వ్యాఖ్య ఎప్పటిది? ఆఖరి ఫొటోలో బాస్కెట్‌కు గొలుసులు ఉన్నాయా? తర్వాత ఉపగ్రహ పటం తెరిచి చెట్ల మధ్య కోసిన దారులు కనిపిస్తున్నాయేమో చూడండి. పటం ఏడాది పాతదైనా ఫెయిర్‌వేల ఆకారం తెలుస్తుంది. స్థలం ఊరి పార్కుదైతే నిర్వహణ కార్యాలయానికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుంది. కొన్నిచోట్ల కోర్సు తీసేసి ఫుట్‌బాల్ మైదానం చేసినా యాప్‌లో చెరగకుండా ఉండిపోతుంది.

ఎన్ని డిస్కులు పట్టుకెళ్లాలి? నా దగ్గర సంచినిండా ఉన్నాయి.

మూడు చాలు. బాస్కెట్ దగ్గర వాడే పుట్టర్ ఒకటి, మధ్య దూరానికి మిడ్‌రేంజ్ ఒకటి, దూరం విసరడానికి ఫెయిర్‌వే డ్రైవర్ ఒకటి. పోతుందేమో అని భయం ఉంటే రెండో పుట్టర్ వేసుకోండి.

డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి: వేగం, తేలే గుణం, విసిరిన కొత్తలో ఒకవైపుకు తిరిగే గుణం, చివర్లో రెండోవైపుకు వాలే గుణం. పెరిగిపోయిన కోర్సుకు వెళ్లేటప్పుడు మొదటిదీ చివరిదీ చూసుకుంటే చాలు. వేగం 12, 13 ఉన్న డ్రైవర్లు బాగా గట్టిగా విసిరేవాళ్లకే నేరుగా పోతాయి. మామూలు చేతిలో అవి తొందరగా వాలి గడ్డిలోకి దూరతాయి. వేగం 7 దగ్గర ఉన్నది మేలు. చివరి అంకె 3, 4 ఉన్నవి ఆఖర్లో కత్తిలా వంగి దిగి, గడ్డి వేళ్ల దాకా చొచ్చుకుపోతాయి. 0 లేదా 1 ఉన్నవి బల్లపరుపుగా వాలి గడ్డి మీద కూర్చుంటాయి. వెతుక్కునే పని సగం అక్కడే తగ్గిపోతుంది.

ఇంకొకటి: ఖరీదైన, అచ్చొచ్చిన డిస్కును ఇంట్లో పెట్టి రండి. పోతుందేమో అన్న భయంతో విసిరిన డిస్కు ఎప్పుడూ సరిగ్గా పోదు.

ఏ రంగు డిస్కు అయితే గడ్డిలో బాగా కనిపిస్తుంది?

ముదురు గులాబీ అన్నిటికన్నా నయం, ఎందుకంటే ఆ రంగు ఆకు ఏ కాలంలోనూ ఉండదు. నారింజ పచ్చగడ్డిలో బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ ఆకులు రాలే కాలంలో మాయమైపోతుంది. పసుపుదీ అదే సమస్య. ఆకుపచ్చ, నలుపు, అవతలివైపు కనిపించే పారదర్శక డిస్కులు ఇలాంటి కోర్సుకు తేవద్దు. తెలుపు బాగానే ఉంటుంది, అడవి పూలు పూసే రోజుల్లో తప్ప. ఏ రంగైనా అడుగుభాగంలో చెరగని సిరాతో పేరు, ఫోన్ నంబరు రాయండి. పోయిన డిస్కులు తిరిగొచ్చేది ఆ నంబరు వల్లే.

ఏ కాలంలో వెళ్తే మంచిది?

మొక్కలు వాడిపోయి నేల గట్టిగా ఉండే రోజుల్లో. వానల తర్వాతి నెలా రెండు నెలలు గడ్డి గరిష్ఠంగా ఉంటుంది, ఫెయిర్‌వే హద్దులే తెలియవు. రోజులో అయితే మంచు ఆరాక, ఎండ నడినెత్తికి రాకముందు. తడి డిస్కు చేతిలోంచి జారిపోతుంది. బాగా ఏటవాలు వెలుతురులో మాత్రం ఒక లాభం ఉంది, గడ్డిలో పడ్డ ప్లాస్టిక్ మెరుస్తుంది.

ఏం వేసుకోవాలి, సంచిలో ఇంకేం ఉండాలి?

పొడవు ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు, పొడవు సాక్స్. నిక్కరు వేసుకొస్తే రెండో హోల్‌కే అర్థమవుతుంది. సంచిలో నీళ్లు, తువ్వాలు, చిన్న పట్టకారు, పురుగులు కుట్టకుండా రాసుకునే మందు, చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ కవరు. చేతికర్ర ఒకటి ఉంటే గడ్డి విడదీయడానికీ, పొదలోంచి డిస్కు లాగడానికీ పనికొస్తుంది. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టడం అలవాటు చేసుకోండి.

ఒక్కడినే వెళ్లి ఆడొచ్చా?

ఆడొచ్చు. అయితే ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లండి. మనుషులు తిరగని చోట కాలు మడతపడితే పిలిచినా పలికేవాళ్లుండరు. ఆట విషయంలో చూస్తే ఇద్దరు వెళ్లడమే మేలు. ఒకరు విసురుతుంటే ఇంకొకరు ముందుకు వెళ్లి, పక్కగా నిలబడి, డిస్కు పడే చోటు చూడొచ్చు.

## టీ దగ్గర

టీ పలక ఊడిపోయింది. బాస్కెట్ ఎటుందో తెలియడం లేదు. ఎటు విసరాలి?

విసరకండి, ముందు నడవండి. నిలబడి విసరడానికి వేసిన గట్టి చప్టాను టీ ప్యాడ్ అంటారు. దాని పొడవు సాధారణంగా బాస్కెట్ వైపో, విసరాల్సిన దిక్కుకో చూపిస్తుంది. ఆ గీత పట్టుకుని వెళ్లండి. చెట్లలో ఒకే వయసు మొక్కలు, పలచని కొమ్మలు ఉన్న పట్టీ కనిపిస్తే అదే పాత ఫెయిర్‌వే. చెట్ల బెరడు మీద డిస్కులు తగిలిన గాట్లు కూడా గుర్తే. ముందున్న చెట్లకు అవి ఒకే ఎత్తులో, టీ వైపున ఉంటాయి. బాస్కెట్ కనిపించాక వెనక్కి వచ్చి విసరండి. ఈ నడక దండగ కాదు, డిస్కు ఎక్కడ పడితే ప్రమాదమో తెలిసిపోతుంది.

టీ ప్యాడ్ పగిలి, ఒకవైపు కుంగిపోయింది. దాని మీద నుంచే విసరాలా?

పరుగెత్తి విసిరే అలవాటుంటే అస్సలు వద్దు. పగులులో కాలిమడమ ఇరుక్కుంటే మోకాలు తిరుగుతుంది. నిలబడే విసరండి. నిలబడి విసిరితే దూరం కొంత తగ్గుతుంది, గురి పెరుగుతుంది. ఇరుకు ఫెయిర్‌వేలో అది నష్టమేమీ కాదు. ప్యాడ్ పూర్తిగా పాడైతే మీ గుంపు ఒక గీత అనుకోండి. ప్యాడ్ లేనిచోట టీ గీత నుంచి వెనక్కి 3 మీటర్ల వరకు టీ ప్రాంతమేనని నియమం. ఆ లోపల గట్టినేల ఎక్కడుంటే అక్కడి నుంచి విసరండి.

పలక మీద 300 అని ఉంది. అడుగులా, మీటర్లా?

అమెరికాలో అడుగులు, యూరప్‌లో మీటర్లు. 300 అడుగులంటే సుమారు 91 మీటర్లు, మామూలు పార్ 3 హోల్, అంటే మూడు త్రోలలో ముగించాల్సినది. 300 మీటర్లయితే ఒక్క త్రోకు వృత్తినిపుణులకే గగనం. పక్కన పార్ 4 అనో 5 అనో ఉండాలి. అంకె చెరిగి చదవలేకపోతే నడుస్తూ అంగలతో కొలవండి. ఒక పెద్ద అంగ ఇంచుమించు ముప్పాతిక మీటరు.

పార్ ఎక్కడా రాసి లేదు. ఎంత అనుకోవాలి?

అన్నిటికీ 3 అనుకోండి. చిన్న ఊరి కోర్సుల్లో అది చాలావరకు నిజమే. గడ్డి దారుణంగా ఉంటే ఒకటి కలుపుకోండి, ఎవరూ తగాదాకు రారు.

మొదలుపెట్టే ముందు స్నేహితులతో ఏమేం మాట్లాడుకోవాలి?

మూడు విషయాలు. ఒకటి, ఎక్కడ హద్దు. కంచె, రోడ్డు, చెరువు హద్దు అవతల అనుకుంటే అక్కడ పడ్డ డిస్కుకు ఒక జరిమానా త్రో, అంటే స్కోరుకు ఒకటి కలపడం. రెండు, పాడైన బాస్కెట్‌లో ఏది పడినట్టు లెక్క. మూడు, పోయిన డిస్కుకు జరిమానా వేయాలా వద్దా. సరదా ఆటలో పోయిన డిస్కుకు జరిమానా ఎత్తేయడమే న్యాయం అంటాను. ఎవరూ కోయని గడ్డికి ఆటగాడికి శిక్ష పడటం ఏమిటి? కానీ ఇది ముందే తేల్చుకోవాలి. ఏడో హోల్‌లో డిస్కు పోయాక పెట్టే నియమం ఎప్పుడూ ఎవరికో ఒకరికి అనుకూలంగానే ఉంటుంది.

## ఫెయిర్‌వేలో

మోకాలెత్తు గడ్డి ఉన్నప్పుడు ఎలా విసరాలి?

తక్కువ ఎత్తులో, బల్లపరుపుగా, మీ పూర్తి బలంలో మూడు వంతులతో. డిస్కు ఎంత ఎత్తు నుంచి, ఎంత వంపుతో దిగితే గడ్డిలోకి అంత లోతుకు పోతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, విసిరితే మామూలు డిస్కు చివర్లో ఎడమకు వాలుతుంది, అరచెయ్యి ముందుకు పెట్టి పక్కనుంచి విసిరే ఫోర్‌హ్యాండ్ అయితే కుడికి. అందుకే ఎడమ పక్క తుప్పలుంటే ఫోర్‌హ్యాండ్, కుడి పక్క ఉంటే బ్యాక్‌హ్యాండ్. వాలే గుణం డిస్కును తుప్పల నుంచి దూరంగా తీసుకెళ్లాలి.

బాస్కెట్ వైపే విసరాలన్న పట్టుదల వదలండి. ఎక్కడ గడ్డి పొట్టిగా ఉందో, ఎక్కడ జంతువుల కాలిబాటో, నడిచేవాళ్ల దారో ఉందో అక్కడికి విసరండి, బాస్కెట్ అటువైపు కాకపోయినా సరే. ఒక త్రో ఎక్కువవుతుంది, డిస్కు చేతికొస్తుంది.

నేలమీద దొర్లించే రోలర్ త్రోలు ఇక్కడ పనికిరావు. గడ్డి రెండు మీటర్లలోనే ఆపేస్తుంది. నెత్తిమీదుగా విసిరే తొమహాక్ పొదలు దాటడానికి బాగుంటుంది గానీ నిలువుగా దిగుతుంది కాబట్టి పడేచోటు గట్టినేల అయితేనే వాడండి.

నా దారికి ఒక కొమ్మ అడ్డం ఉంది. విరిచేస్తే ఏమవుతుంది?

నియమాల ప్రకారం జరిమానా త్రో. పెరుగుతున్న మొక్కను విరవకూడదు, వెనక్కి కట్టి ఉంచకూడదు. నిలబడేటప్పుడు కూడా కొమ్మలు అతితక్కువగా కదిలే తీరులోనే నిలబడాలి. మీరు కాలు పెట్టే చోట రాలిపడ్డ ఆకులు, పుల్లలు, రాళ్లు, విరిగిపడ్డ కొమ్మలు ఉంటే తీసుకోవచ్చు. పాడుబడ్డ కోర్సే కదా అని ఒకరు విరిస్తే పదిమంది విరుస్తారు, అప్పుడు హోల్ ఆకారమే మారిపోతుంది. మొండి కొమ్మ కంటిలో గుచ్చుకునే ఎత్తులో దారికి అడ్డంగా ఉంటే అది వేరే సంగతి, స్థలం చూసేవాళ్లకు చెప్పండి.

డిస్కు పొద నడుమ ఉంది. అక్కడ నిలబడటమే కుదరదు. ఏం చేయాలి?

డిస్కు వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న చోటులో ఒక కాలైనా, మోకాలైనా ఆనాలి. చాలా పొదల్లో మోకాలి మీద కూర్చుని పక్కకు విసరడానికి వీలు చిక్కుతుంది. అదీ కుదరకపోతే రెండు దారులు. ఒక జరిమానా త్రో కలుపుకుని, బాస్కెట్‌కూ డిస్కుకూ మధ్య గీత గీసి, ఆ గీత మీదే వెనక్కి మీకు కావలసినంత దూరం జరగొచ్చు. లేదా అదే ఒక జరిమానాతో ముందు విసిరిన చోటికే వెళ్లి మళ్లీ విసరొచ్చు. పెద్ద బండో, మొద్దో అడ్డం వచ్చి డిస్కు వెనక నిలబడలేకపోతే, ఆ అడ్డానికి సరిగ్గా వెనక జరిమానా లేకుండా నిలబడవచ్చు.

చెట్టులో ఇరుక్కుంది. రాయి విసరనా?

రాయి వద్దు, ఇంకో డిస్కు అసలే వద్దు. రెండూ పైనే ఉండిపోతాయి. సన్నచెట్టయితే మొదలు పట్టుకుని ఊపండి. చివర బరువు కట్టిన తాడు ఉంటే కొమ్మ మీదుగా వేసి లాగండి. పాత, ఎండిన కొమ్మల కింద నిలబడి లాగొద్దు. స్కోరు సంగతి: డిస్కు సరిగ్గా కింద ఏ చోటుందో అక్కడి నుంచి ఆడాలి. నేలకు 2 మీటర్ల పైన ఇరుక్కుంటే జరిమానా అన్న నియమం ముందుగా ప్రకటిస్తేనే వర్తిస్తుంది.

ఫెయిర్‌వేలో నీళ్లు నిలిచాయి. అందులో దిగి ఆడాలా?

వాననీటి మడుగైతే అక్కర్లేదు. బాస్కెట్ నుంచి డిస్కు మీదుగా వచ్చే గీత మీదే వెనక్కి, పొడినేల దొరికే దగ్గరి చోటుకు ఉచితంగా జరగొచ్చు.

పాములు, కందిరీగలు, పిడుదులు ఉంటాయంటున్నారు. నిజమేనా?

నిజమే. ఇందులో కందిరీగల సంగతి ఎవరూ ముందు చెప్పరు. అవి గూడు పెట్టేది పొదలో మాత్రమే కాదు, బాస్కెట్ పైపట్టీ లోపల, అంకె పలక వెనక కూడా. ఎవరూ ఆడని బాస్కెట్ వాటికి కదలని పందిరి. అందుకే డిస్కు గొలుసులకు తగిలాక వెంటనే చెయ్యి పెట్టకండి. ఒక్క క్షణం ఆగి, పట్టీ కింద చూసి, ఏదీ ఎగరకపోతేనే తీసుకోండి.

పిడుదులు పొడవు గడ్డి అంచుల నుంచి బట్టలకు పట్టుకుంటాయి. కొన్ని ప్రాంతాల్లో వాటి వల్ల లైమ్ వ్యాధి సోకుతుంది. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చంకలు, జుట్టు కుదుళ్లు చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి, నలపకూడదు.

పాము కనిపిస్తే డిస్కు దానికే వదిలేసి దూరం జరగండి. ప్రమాదకరమైన జంతువులు, పురుగుల నుంచి జరిమానా లేకుండా పక్కకు జరగొచ్చని నియమాలే చెబుతున్నాయి. ఉత్తర అమెరికాలో అయితే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కను కూడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. దాని నూనె డిస్కుకు అంటుకుని చేతికొస్తుంది, కాబట్టి ఆట అయ్యాక డిస్కులు కూడా సబ్బుతో కడగండి.

ఫెయిర్‌వే మీదుగా జనం కుక్కలతో నడుస్తున్నారు. పక్కకు తప్పుకోమని అనొచ్చా?

అనకండి. ఏళ్లుగా ఎవరూ ఆడని చోట బాస్కెట్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు, ఆ దారి వాళ్ల దారే. వాళ్లు వెళ్లేదాకా ఆగి విసరండి. మలుపు అవతల ఎవరున్నారో కనిపించకపోతే ఒకరిని ముందుకు పంపండి. 170 గ్రాముల గట్టి ప్లాస్టిక్ ముఖానికి తగిలితే చిన్న దెబ్బ కాదు. చేయి జారితే గోల్ఫ్‌లో హెచ్చరికగా వాడే ‘ఫోర్’ అన్న కేక గట్టిగా వేయండి.

## డిస్కు కనిపించనప్పుడు

ఇక్కడే పడింది, నా కళ్లతో చూశాను. అయినా దొరకడం లేదు. ఎలా వెతకాలి?

వెతుకులాట డిస్కు గాల్లో ఉండగానే మొదలవుతుంది. విసిరాక తల దించకండి, విసుక్కోకండి, పక్కవాళ్లతో మాట్లాడకండి. డిస్కు మాయమైన క్షణంలో దాని వెనక కనిపించే గుర్తు ఒకటి పట్టుకోండి, వంకర చెట్టో, తెల్లరాయో. ఆ గుర్తు మీద చూపు పెట్టి నేరుగా నడవండి. దారిలో గొయ్యి వచ్చి పక్కకు తిరిగితే గీత పోతుంది. అందుకే ఒకరు టీ దగ్గరే నిలబడి చేత్తో దిక్కు చూపిస్తుంటే ఇంకొకరు నడవడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

చోటుకు చేరాక వెనక్కి తిరిగి టీ వైపు చూడండి. దాదాపు ప్రతి ఒక్కరూ డిస్కు నిజంగా పడిన చోటు కంటే ముందుకు వెళ్లి వెతుకుతారు. మన డిస్కు మనం అనుకున్నంత దూరం పోదు. ఇంకా దొరకకపోతే టీ వైపు పది అడుగులు వెనక్కి రండి, ఆపై వాలే వైపు చూడండి. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ అయితే గీతకు ఎడమ పక్క.

తర్వాత పట్టీలుగా వెతకాలి. చేతులు చాచినంత దూరంలో పక్కపక్కనే నిలబడి, ఒకే దిక్కుకు మెల్లగా నడుస్తూ, కర్రతో గడ్డిని విడదీయాలి. తలొకరు తలో వైపు తిరిగితే అందరూ చూసిన చోటే చూస్తారు. రాలిన ఆకుల్లో అయితే కాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ నడవండి. డిస్కు ఆకుల కిందికి జారిపోయి ఉంటుంది, కంటికి దొరకనిది కాలికి తగులుతుంది. ఒక్కసారి కూర్చుని, గడ్డి ఎత్తులో కన్ను పెట్టి చూడండి. నిలువుగా గుచ్చుకున్న డిస్కు పైనుంచి సన్నగీతలా ఉంటుంది, పక్కనుంచి నిండుగా కనిపిస్తుంది.

ఎంతసేపు వెతకాలి? స్కోరు ఎలా వేయాలి?

ఆఖరిసారి కనిపించిన చోటుకు చేరినప్పటి నుంచి 3 నిమిషాలు. గుంపులో అందరూ వెతకాలి. అప్పటికీ దొరక్కపోతే ఒక జరిమానా త్రో కలిపి, ముందు విసిరిన చోటి నుంచి మళ్లీ విసరాలి. టీ త్రో పోతే టీ దగ్గరికి వెళ్లి విసిరేది మూడో త్రో అవుతుంది. అంత దూరం తిరిగి నడవడం ఇష్టం లేకపోతే, పోయిందేమో అనిపించిన వెంటనే గుంపుకు చెప్పి ముందుజాగ్రత్తగా ఇంకొకటి విసిరి వెళ్లండి. నియమం దీన్ని ఒప్పుకుంటుంది. మొదటిది దొరికితే రెండోదాన్ని లెక్కలోంచి తీసేయాలి. సరదా ఆటలో మూడు నిమిషాలకు కట్టుబడనక్కర్లేదు, వెనక ఎవరూ ఎదురుచూడరు కదా.

నా డిస్కు వెతుకుతుంటే వేరేవాళ్లది దొరికింది. ఉంచుకోవచ్చా?

వెనక నంబరు ఉంటే ఫోన్ చేయండి లేదా సందేశం పెట్టండి. ఇలాంటి చోట దొరికేవి ఒక్కోసారి ఏళ్ల కిందటివి, ప్లాస్టిక్ రంగు వెలిసి ఉంటుంది. సొంతదారులు చాలామంది నవ్వి, ‘మీరే ఉంచుకోండి’ అంటారు. ఆ ఫోన్ వల్ల ఇంకో లాభం ఉంది: ఒకప్పుడు ఇక్కడ ఆడిన మనిషి దొరికారు. పాత పటం, పోయిన హోల్స్ జాడ వాళ్లనే అడగండి. పేరూ నంబరూ లేకపోతే మొదటి బాస్కెట్ మీద పెట్టి, వారం తర్వాత కూడా అక్కడే ఉంటే తీసుకోండి.

## బాస్కెట్ దగ్గర

గొలుసులు సగం లేవు. సరిగ్గా వేసినా డిస్కు అవతలికి పోతోంది. ఎలా పుట్ చేయాలి, అంటే దగ్గర్నుంచి బాస్కెట్‌లో ఎలా వేయాలి?

గొలుసుల పని డిస్కు వేగాన్ని పీల్చుకుని కింది తట్టలోకి జారవిడవడం. అవి లేనప్పుడు ఆ పని మీ చెయ్యి చేయాలి. గట్టిగా నేరుగా విసిరే పుట్ మానేసి, కొంచెం ఎత్తుగా, మెల్లగా, ముందు అంచు కాస్త పైకి ఉండేలా వదలండి. తట్ట దగ్గరికి వచ్చేసరికి వేగం చచ్చి కిందికి పడాలి. గురి నడిమి స్తంభం మీద. ఏ పక్క గొలుసులు మిగిలాయో చూసుకుని, వీలైతే ఆ పక్క నుంచి చేరేలా ముందు త్రో వేసుకోండి. మెత్తని ప్లాస్టిక్ పుట్టర్ స్తంభానికి తగిలి తక్కువ ఎగురుతుంది.

నియమం ప్రకారం డిస్కు తట్టలోనో గొలుసుల్లోనో ఆగాలి. లోపలికి వెళ్లి బయటికొచ్చినా, బాస్కెట్ నెత్తిన కూర్చున్నా పడినట్టు కాదు. 10 మీటర్ల లోపల పుట్ చేసి ముందుకు తూలిపడకూడదు, డిస్కు వెనక నిలదొక్కుకున్నాకే కదలాలి.

ఈ బాస్కెట్ మామూలు కంటే ఎత్తుగా ఉందేమిటి?

బాస్కెట్ పెరగలేదు, నేల తరిగింది. తట్ట అంచు మామూలుగా నేలకు 82 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వాలులో పెట్టిన బాస్కెట్ల చుట్టూ కాళ్ల తొక్కిడికి గడ్డి చచ్చి, వానకు మట్టి కొట్టుకుపోయి, స్తంభం పునాది బయటపడుతుంది. వంగినదాన్ని చేత్తో నిలబెట్టాలని తొయ్యకండి, తుప్పుపట్టిన గొట్టం మొదట్లో విరుగుతుంది.

బాస్కెట్టే లేదు, నేలలో ఒక గొట్టం మాత్రమే ఉంది. ఎవరైనా ఎత్తుకెళ్లారా?

దొంగతనమూ కావచ్చు, కానీ ముందు చుట్టూ చూడండి. చాలా కోర్సుల్లో ఒక్కో హోల్‌కు రెండు మూడు చోట్ల అలాంటి గొట్టాలు పాతి, బాస్కెట్‌ను మారుస్తుంటారు. ఇరవై ముప్పై మీటర్ల అవతల ఇంకో చోట నిలబడి ఉండొచ్చు. నిజంగానే లేకపోతే దగ్గర్లో ఒక చెట్టు మొదలునో స్తంభాన్నో లక్ష్యం అనుకుని, దానికి డిస్కు తగిలితే హోల్ పూర్తయినట్టు లెక్కేయండి. ఇదేమీ చిన్నతనం కాదు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో, డిస్క్ గోల్ఫ్ పితామహుడిగా పేరున్న ఎడ్ హెడ్రిక్ వేసిన తొలి శాశ్వత కోర్సులో కూడా మొదట ఉన్నవి ఉత్త స్తంభాలే. డిస్కు తగిలిందా లేదా అన్న తగవులు తీరేందుకే గొలుసుల బాస్కెట్ తర్వాత వచ్చింది.

తర్వాతి టీ ఎక్కడుందో కనిపించడం లేదు.

బాస్కెట్ తట్ట అంచు చుట్టూ చూడండి. ఒకచోట బోల్టో, రంగు టేపో, వేలాడే చిన్న రేకో ఉంటే అది తర్వాతి టీ దిక్కు. అది లేకపోతే బాస్కెట్ నుంచి బయటికి పోయే కాలిబాట వెతకండి. ఎంత పెరిగినా తొక్కిన నేల మీద గడ్డి రంగు తేడాగా ఉంటుంది. అదీ లేకపోతే బలవంతంగా అంకెల వరుస పట్టుకోకండి. దొరికిన హోల్ ఆడండి. నాలుగు బాస్కెట్లు బాగున్నాయనుకోండి, ఒకదాని టీ నుంచి ఇంకోదాని బాస్కెట్‌కు విసురుతూ తొమ్మిది హోల్స్ కల్పించుకోవచ్చు. మీరు తప్ప ఇంకెవరూ కోర్సులో లేరని రూఢి చేసుకున్నాకే ఇలా అడ్డంగా ఆడాలి.

## ఆట అయ్యాక

ఒకప్పుడు డబ్బు పెట్టి కట్టిన కోర్సును ఎందుకిలా వదిలేస్తారు?

తేలిగ్గా కట్టగలగడమే కారణం. గోల్ఫ్ మైదానానికి నేల చదును చేయాలి, నీళ్లు పెట్టాలి, ఏటా సిబ్బంది కావాలి. డిస్క్ గోల్ఫ్‌కు ఉన్న అడవిలోనే బాస్కెట్లు పాతితే చాలు. ఆ ఒక్కసారి ఖర్చుకు నిధులు దొరుకుతాయి, ఏటేటా గడ్డి కోతకు దొరకవు. చాలా చోట్ల అసలు పని చేసింది ఒకే ఒక్క మనిషి. ఆయన ఊరు మారితేనో, ఓపిక తగ్గితేనో కోర్సు కూడా ఆయనతోనే పోతుంది. తర్వాత గడ్డి పెరుగుతుంది, ఆడేవాళ్లు తగ్గుతారు, ఎవరూ ఆడటం లేదు కదా అని కోత ఇంకా తగ్గుతుంది.

ఇంటి నుంచి మిషన్ తెచ్చి గడ్డి నేనే కోసేస్తే?

అడగకుండా వద్దు. ఆ స్థలం ఎవరిదో, పూలమొక్కల కోసమో పక్షుల గూళ్ల కోసమో కావాలని వదిలారో మీకు తెలియదు. దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్నది ఇంకో తలనొప్పి, రంపం పని అయితే మరీను. అనుమతి లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి: గాజుముక్కలు, సీసాలు ఏరడం, దారిలో పడ్డ పుల్లలు పక్కకు లాగడం, ఒకే బాట మీద పదేపదే నడవడం. గడ్డిని అణచడంలో కాళ్లు మిషన్‌కు తీసిపోవు.

ఎవరికి చెప్పాలి? చెప్పినా పట్టించుకుంటారా?

స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు, రాతపూర్వకంగా. ‘కోర్సు పాడైపోయింది’ అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ పోదు. ‘నాలుగో బాస్కెట్ స్తంభం మొదట్లో విరిగి ఉంది, పిల్లల మీద పడొచ్చు’ అని ఫొటోతో రాస్తే ఎవరో ఒకరు కదలాల్సి వస్తుంది. ముందు ప్రమాదాలు, తర్వాత గడ్డి, పలకల సంగతి చివర. ఒక్కో ఉత్తరంలో ఒక్కటే అడగండి. వాళ్లకు తేలికగా ఉండేది అడగండి: కోర్సంతా కోయమని కాదు, టీ నుంచి బాస్కెట్ దాకా మిషన్ రెండు వెడల్పుల దారి చాలని చెప్పండి. ప్రతి వారం ఒకే రోజు నలుగురు ఆడుతున్నారని చూపించగలిగితే మీ మాట బరువు పెరుగుతుంది.

యాప్‌లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టేయనా?

స్టార్ మీ ఇష్టం. కానీ తేదీ వేసి, ఏ హోల్స్ ఆడగలిగారో, ఏ బాస్కెట్లు లేవో, గడ్డి ఎంత ఎత్తుందో, బండి ఎక్కడ ఆపాలో రాయండి. తొమ్మిదిలో ఆరు హోల్స్ ఆడొచ్చని తెలిస్తే ఇంకొకరు వస్తారు. కందిరీగల గూడు ఏ బాస్కెట్‌లో ఉందో కూడా రాయడం మరవకండి.